ఇసుకలో పడుకోబెట్టిన సీసాలు

మామిడికుదురు,
14-3-1999.

ఒరేయ్ దుర్గా,

మేం క్షేమంగా ఇల్లు చేరేం. రైల్లో మీ అక్క నాసిక్‌లో కొన్న ఎండుద్రాక్ష పొట్లం ఒళ్ళో పెట్టుకుని దారంతా కాపలా కాసింది. ఇక్కడికొచ్చేసరికి దాళ్వా చేలు పాలు పోసుకుంటున్నాయి, కాలవలో నీళ్ళు చాలటం లేదు. దిగిన రోజే నీళ్ళు వదిలే లస్కరుతో తగువు పెట్టుకుని ఇంటికొచ్చి అన్నం తిన్నాను. అంతా మామూలే.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనైతే నువ్వు "ఆయ్, అలాగేనండి, చిత్తమండి" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేస్తావు. కాగితమైతే నేను చెప్పేదంతా వినక చస్తావా?

అసలు సంగతి చెప్తాను. ఆడవాళ్ళిద్దరూ గోదారి ఘట్టానికి వెళ్ళిన సాయంత్రం మీ బాల్కనీలో నువ్వు ఎర్ర వైను తీసేవు కదా. నేను జన్మలో తాగిందల్లా తాటికల్లు, అదీ కుర్రతనంలో మా నాన్న చూడకుండా. బ్రాందీ వాసన నాకు గిట్టదు. ఇది మాత్రం గొంతులో పేచీ పెట్టకుండా దిగింది. రెండో గ్లాసు సగమయ్యేసరికి నువ్వు నా వీపు మీద చరిచి, "నీకు ధాన్యం దాచడం తప్ప ఇంకేం తెలుసు బావా? రేటొస్తుంది రేటొస్తుందని కొట్టులో పెట్టుకుని, నువ్వు మాత్రం పురుగులు ఏరుకుని తింటావు" అన్నావు. గుర్తుందా, వెధవా? మా నాన్న పోయిన దగ్గర్నుంచీ నన్ను అంత మాటన్న మగాడు లేడు. మా ఇంట్లో ఉండి చదువుకున్నన్నాళ్ళూ నా ఎదట కుర్చీలో కూర్చోలేదు నువ్వు. రైలెక్కిన దగ్గర్నుంచీ అదే తలుచుకుంటున్నాను. బాగా జ్ఞాపకం పెట్టుకున్నానని నువ్వూ జ్ఞాపకం పెట్టుకో.

ఇంతకీ, మన ఇంట్లో కూడా వైను దాచే చోటొకటి పెడదామనుకుంటున్నాను. మీ ఫ్యాక్టరీలో నేల కింద గది చూపించేవు. ఇక్కడ నేల కింద గదంటే నుయ్యి తవ్వుకోవడమే, నడుం లోతు దిగితే ఊట. ఇంకేదైనా ఉపాయం చెప్పు. పెద్ద ఖరీదువి వద్దు, మీ అక్క నన్ను ఇంట్లోకి రానివ్వదు. తక్కువలో మంచివి ఎలా ఏరుకోవాలో, ఎన్ని కొనాలో రాయి. నీ ఉద్యోగమే అది కదా, బావకి ఆ మాత్రం చెప్పలేవా?

మీ అక్క ఆశీస్సులు పంపుతోంది. నావి నువ్వు జవాబు రాసేక.

ఆంజనేయప్రసాద్


నాసిక్,
2-4-1999.

బావగారి పాదాలకు దుర్గ నమస్కారాలు.

మీ ఉత్తరం అందిందండి. చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ సాయంత్రం నేను హద్దు మీరిన మాట నిజం. నన్ను పెంచి, చదివించి, ఉద్యోగానికి రైలెక్కించిన మనిషిని నోటికొచ్చినట్టు అన్నాను. మర్నాడే మీ కాళ్ళు పట్టుకుందామనుకున్నాను, కాని మీరేమీ జరగనట్టు త్ర్యంబకం వెళ్దామన్నారు. మరచిపోయారనుకుని ఊరుకున్నాను. మరచిపోలేదని ఇప్పుడు తెలిసింది. పెద్ద మనసుతో క్షమించండి.

మీరడిగిన విషయం రాస్తున్నాను. మొదట్లోనే ఎక్కువ కొనకండి. అరడజను చాలు, అవీ ఒకే రకం కాకుండా. మీకు దగ్గర యానాం కాబట్టి అక్కడ దొరుకుతాయి. పోర్టు అని రాసి ఉండే తియ్యటి రకాలు తీసుకోవద్దండి. వాటిలో పంచదార పాకం తప్ప చెప్పుకోదగ్గదేమీ ఉండదు. ఎండ పడే అరలో నిలబెట్టిన సీసా ఎంత చవకైనా వదిలెయ్యండి. సీసాని వెలుతురుకి ఎత్తి చూస్తే వైను మెడదాకా ఉండాలి, కిందికి దిగి ఉంటే బిరడా కారిందన్నమాట. బిరడా ఉబ్బినట్టున్నా వద్దు. సీసా మీద తయారైన సంవత్సరం వేసి ఉంటుంది, తెల్లరకంలో కొత్త సంవత్సరానిది తీసుకోండి. మన చేపల పులుసుకి తెల్లది బాగుంటుంది. మాంసానికి ఎర్రది.

దాచడానికి నేల కింద గదే అక్కర్లేదు. ఉత్తరం వైపు చీకటి గదిలో ఇటుకలతో తొట్టి కట్టించి, ఇసుక పోసి, అందులో సీసాల్ని పడుకోబెట్టండి. బిరడా ఎప్పుడూ తడిగా ఉండాలి. వేసవిలో పైన తడి గోనెలు కప్పితే చాలు.

ఒక్క మాట ముఖ్యంగా గుర్తుంచుకోండి. ఈ ధరలో దొరికేవి దాచుకుని మురిసిపోయే వైన్లు కావు. తెల్లవి ఏడాదిలో, ఎర్రవి రెండు మూడేళ్ళలో తాగెయ్యాలి. ఒకటి తాగితే ఒకటి కొని చేర్చుకుంటూ పోవడమే పద్ధతి.

మా ఆవిడ లీలావతి మీకూ అక్కకీ నమస్కారాలు చెప్పమంది. తప్పు మన్నించమని మళ్ళీ మళ్ళీ కోరుతూ,

మీ
సాయిదుర్గాప్రసాద్


మామిడికుదురు,
20-6-1999.

ఒరేయ్ దుర్గా,

వైను గురించి అడిగితే సగం కాగితం క్షమాపణలతో నింపేవు. నిన్నెవడు అడిగేడ్రా క్షమాపణ? సర్లే, నీ పాపం నీ దగ్గర ఉంచుకో, వడ్డీతో వసూలు చేస్తాను.

యానాం వెళ్ళొచ్చేను. తోడుకి బుల్లబ్బాయిని తీసుకెళ్ళేను, మా వెనకింటి వాడు, గోదారి దాటించే పంటు ఎక్కడమంటే వాడికి సరదా. ఎదుర్లంక రేవులో దాటేసరికి ఎండ మాడ్చేసింది. కొట్టువాడు తియ్యటిది అంటగట్టబోయేడు, వద్దన్నాను. నువ్వు చెప్పినట్టు ఒక్కో సీసా గుమ్మంలోకి తెచ్చి ఎండకెత్తి మెడ చూస్తుంటే వాడికి అనుమానం వచ్చి, నేను ఎక్సైజువాణ్ణనుకుని లోపల్నించి కూల్‌డ్రింకు తెప్పించేడు. బుల్లబ్బాయి కాదనకుండా రెండు తాగేడు. నాలుగు ఎర్రవి, రెండు తెల్లవి తెచ్చేను.

ధాన్యం కొట్టు పక్క గదిలో తొట్టి కట్టించేను. గోదారి ఇసుక కడిగి ఆరబెట్టి పోయించేను. మీ అక్క గుమ్మంలో నిలబడి చూసి, పురిటి బిడ్డల్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టేరు, ఉయ్యాల కూడా కట్టించండి అంది. మాట్లాడుతోంది కదా, అంటే కోపం లేదన్నమాట.

తాగెయ్యమన్నావు. అదేం మాటరా? కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది, పాత బియ్యం పువ్వులా విడుతుంది. చింతపండు పాతదైతేనే పులుసుకి రంగు. నాకీ సంగతులు నువ్వు చెప్పక్కర్లేదు. పైగా మొదటి సీసా నువ్వొచ్చేకే తీస్తాను. ఒక్కణ్ణీ కూర్చుని తాగడానికి నాకేం పట్టింది? నువ్వు రావాలి, రెండో గ్లాసుకొచ్చేసరికి నోరు జారాలి, నేను వినాలి. అందుకే ఇదంతా.

ఎప్పుడొస్తావో రాయి. మామిడిపళ్ళు అయిపోయేయి, పనసపళ్ళున్నాయి.

ఆంజనేయప్రసాద్


నాసిక్,
11-11-2000.

బావగారికి నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ ద్రాక్ష కోత జనవరిలో మొదలైతే వేసవి దాకా ఊపిరాడదు. ఆ తర్వాత సీసాలు నింపడం, ఆ తర్వాత లెక్కలు. ఈ ఏడూ సెలవు దొరకలేదండి.

నిజం చెప్పాలంటే సెలవొక్కటే కాదు. నా నోరు జారే సంగతి మీరు ప్రతి ఉత్తరంలోనూ గుర్తు చేస్తున్నారు. వడ్డీతో వసూలు చేస్తానన్నారు. మీకా హక్కుంది. మీ ఎదటికి రావడానికి మొహం చెల్లటం లేదు.

ఊరికే ఉండలేక మీకు కొన్ని సీసాలు పంపుతున్నాను. ఇక్కణ్ణించి మండపేట మార్కెట్టుకి ఉల్లిపాయల లారీ వస్తోంది. డ్రైవరు తెలిసినవాడు. ఉల్లి బస్తాల మధ్య గడ్డిలో చుట్టి పెట్టించాను. లారీ కుదుపులకి వైను అలిసిపోతుంది, ఒక నెల కదపకుండా ఉంచండి. ఒక సీసాకి మాత్రం పసుపు తాడు కట్టాను. అది కాస్త గట్టి రకం, నాలుగేళ్ళు నిలుస్తుంది. మిగతావన్నీ త్వరగా తాగెయ్యాలి. యానాం తెల్లవి ఈపాటికి అయిపోయుంటాయనుకుంటాను. ఎలా ఉన్నాయో రాయలేదు.

అక్కకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? లీలావతి నూనె పేరొకటి రాసిచ్చింది, ఇందులో పెట్టాను.

మీ
సాయిదుర్గాప్రసాద్


మామిడికుదురు,
5-2-2001.

ఒరేయ్ దుర్గా,

నీ లారీ వచ్చింది. ఒక సీసా పగిలి ఉల్లి బస్తా అంతా ఎర్రబడితే మండపేటలో కూలీలు లోపల ఎవరికో దెబ్బ తగిలిందనుకుని హడిలిపోయేరుట. మిగతావి క్షేమం. గది గదంతా ఉల్లి కంపు, అయినా నీ పేరు చెప్పుకుని భరిస్తున్నాను.

ఇంకో ఘోరం జరిగింది. కోప్పడకు. మొన్న వానాకాలం ఇసుక చెమ్మకి సీసాల మీద బూజు పట్టింది. పోయిన వారం నేను అమలాపురం వెళ్ళిన రోజున మీ అక్క చూసి, పాపం పాడైపోతున్నాయని సీసాలన్నీ తుడిచి, ఆవకాయ జాడీలతో పాటు మేడ మీద ఎండబెట్టింది. ఊరగాయకి బూజొస్తే ఎండ చూపించడం తను పుట్టినప్పట్నుంచీ చేస్తున్న పనే కదా. అప్పుడప్పుడూ అలాగే చేస్తోందిట, నాకు తెలిసింది ఇప్పుడే. నేను మధ్యాహ్నం వచ్చేసరికి అవి జాడీల వరసలో బుద్ధిగా నిలబడి ఉన్నాయి. పట్టుకుంటే చెయ్యి కాలింది. మళ్ళీ తెచ్చి పడుకోబెట్టేను. తనకేం చెప్పలేదు. మంచి చేశాననుకుని ఎంత సంబరపడిందో.

తెల్లవి ఎలా ఉన్నాయని అడిగేవు. పడుకునే ఉన్నాయి. నువ్వు లేకుండా తియ్యనని చెప్పేను కదా.

మొహం చెల్లకపోవడమేమిట్రా? ఇక్కడికి రావడానికి నీకు మొహం అక్కర్లేదు, కాళ్ళుంటే చాలు. ఆ అండీలు కూడా కొన్ని తగ్గించు, కాగితం బరువెక్కుతోంది. ఆ సాయంత్రం నాసిక్‌లో ఎక్కడికి పోయేయి అవన్నీ?

ఆంజనేయప్రసాద్


నాసిక్,
18-8-2003.

బావగారికి నమస్కారాలు.

ఇన్నాళ్ళు రాయనందుకు ఏం చెప్పుకున్నా తక్కువే. ఎండలో పెట్టిన సంగతి చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్కని ఏమీ అనకండి. ఆ తెల్లవి పారబోసెయ్యండి. యానాం ఎర్రవి కూడా అనుమానమే. పసుపు తాడుది ఒక్కటి బతికుంటే బతికుండొచ్చు, దాన్ని ఈ ఏడే తీసెయ్యండి. నా కోసం ఆగొద్దని బతిమాలుకుంటున్నాను.

"నాసిక్‌లో ఎక్కడికి పోయాయి" అని మీరు రాసిన మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఆ ఉత్తరం వచ్చిన రోజే దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్నాను, పెద్దల ఎదట ఇక గ్లాసు పట్టుకోనని. ఉద్యోగంలో రుచి చూడటం తప్పదు, చూసి ఉమ్మేస్తాం. అంతకు మించి ముట్టుకోను. ఇకమీదట నా వల్ల మీకు అలాంటి అవమానం జరగదు.

మీ
సాయిదుర్గాప్రసాద్


మామిడికుదురు,
9-9-2003.

దుర్గా,

నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. అవమానమేమిట్రా? ఎవరికి?

సరదాకి కాదు, నిజంగానే రాస్తున్నాను, విను. నేను బజార్లోకొస్తే అరుగు మీద వాళ్ళు లేచి నిలబడతారు. పేకాటలో నేను కూర్చుంటే జోకులు ఆపేస్తారు. మా సర్పంచి భీమరాజు గారి పంచాయతీలో నా మాటకి అందరూ ఆయ్ అంటారు, బయటికెళ్ళి ఏమనుకుంటారో నాకు తెలీదు. ఇరవయ్యేళ్ళకే నన్ను ‘గారు’ని చేసి పైన కూర్చోబెట్టేరు, దిగటానికి ఎవడూ చెయ్యి ఇవ్వలేదు. మీ అక్క తిడుతుంది గానీ, మీరు అంటూ తిడుతుంది. నాకు విసుగ్గా ఉందిరా.

నువ్వు రా. తాగకపోతే మానెయ్యి. వచ్చి కూర్చో.

ఆంజనేయప్రసాద్


నాసిక్,
12-12-2005.

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. విశాఖపట్నంలో ఆఫీసు పని అయ్యాక ఒక రాత్రయినా మీ దగ్గర గడిపే భాగ్యం కలిగింది. అక్క చేసిన కొరమేను పులుసు రుచి ఇంకా నోట్లోనే ఉంది. నా కోసం మీరు అమలాపురం నుంచి గాజు గ్లాసులు తెప్పించడం, ఎదురుగా కుర్చీ వేయించడం, బిరడా పొడిపొడిగా రాలిపోతే కోప్పడకుండా వంటింట్లోంచి టీ జల్లెడ తెచ్చి వడపోయడం, ఇవన్నీ తలుచుకుంటే కళ్ళు చెమరుస్తున్నాయి. ఒట్టు పక్కన పెట్టి మీ మాట మన్నించాను.

పసుపు తాడు సీసా చాలా బాగుందండి. ఆ రంగు, ఆ నిండుదనం పెద్ద పెద్ద హోటళ్ళలో కూడా దొరకవు. మీరు దాచిన పద్ధతి గొప్పది. మా ఆఫీసులో అందరికీ చెప్పాను. రెండో గ్లాసు తీసుకోనందుకు మరోలా అనుకోకండి, ప్రయాణం బడలికతో కళ్ళు మూతలు పడ్డాయి. ఉదయం బస్సు తొందరలో సరిగ్గా సెలవు కూడా తీసుకోలేకపోయాను.

నా వల్ల ఏదైనా లోపం జరిగి ఉంటే క్షమించండి.

మీ విధేయుడు,
సాయిదుర్గాప్రసాద్


మామిడికుదురు,
2-1-2006.

మహారాజశ్రీ సాయిదుర్గాప్రసాద్ గారి దివ్యసముఖమునకు,

తమరు దయచేసి మా పల్లెటూరి కొంపలో ఒక పూట బస చేసినందుకు మేమూ మా కుటుంబమూ ధన్యులమైనాము. తమరు కూర్చున్న కుర్చీని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

తమరు మా ద్రావకాన్ని సేవించి బ్రహ్మాండంగా ఉన్నదని సెలవిచ్చినారు. మాకు మాత్రం అది పులిసిన చింతపండు నీళ్ళలాగా తోచింది. పళ్ళు జివ్వుమన్నవి. అయినా తమ వంటి పరీక్షాధికారులు బాగున్నదని రాసిన తర్వాత కాదనడానికి మేమెంతవారము? పుల్లటి దానిని పుల్లగా ఉన్నదనడం మా ఊళ్ళో మోటుమనుషుల అలవాటు. తమ హోదాకు తగదు.

మిగిలిన సీసాలను ఏమి చేయమంటారో ఆజ్ఞాపించగలరు. ఇకమీదట తమవంటి అతిథులకు కబుర్లతో నిద్రాభంగం కలిగించబోమని మనవి.

ఇట్లు,
తమ అడుగులకు మడుగులొత్తు,
ఆంజనేయప్రసాద్


మామిడికుదురు,
1-10-2006.

తమ్ముడికి అక్క ఉమాదేవి ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీ బావగారికి పక్షవాతం వచ్చిన సంగతి చెప్పేను గానీ, ఈయన పక్కనే పడుకుని నా నోటికేసే చూస్తున్నారు, మిగతాది చెప్పలేకపోయేను. కాకినాడ డాక్టరు ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు కదలటం లేదు. మాట పోయింది. నోట్లోంచి శబ్దం వస్తుంది, అది ఏ మాటో నాకే తెలియటం లేదు. మనం అన్నది మాత్రం అర్థమవుతోంది. వాడపల్లి వెంకన్నకి మొక్కుకున్నాను.

జనవరిలో ఈయన రాసిన ఉత్తరానికి నువ్వు జవాబెందుకు రాయలేదు, తమ్ముడూ? కోపం వచ్చిందా, భయం వేసిందా? నీ సంగతి నాకు తెలుసు, భయమే వేసుంటుంది. అది రాస్తున్నప్పుడు ఈయన పొట్ట పట్టుకుని నవ్వేరు. ఒక్కో వాక్యం నాకు చదివి వినిపించేరు. "చూడు ఉమా, వాడికి ఒళ్ళు మండుతుంది. ఈసారి గౌరవాలన్నీ గోదాట్లో కలిపి నన్ను తిడుతూ రాస్తాడు. ఉత్తరం కూడా రాయడు, రైలెక్కి వచ్చి తిడతాడు" అన్నారు. పోస్టుమేన్ సాలమోను సైకిలు వంతెన దిగేసరికి గుమ్మంలో ఉండేవారు. ఉగాది వెళ్ళేక అడగటం మానేసేరు. నేను రాస్తానంటే రాయనివ్వలేదు. అడిగి తిట్టించుకుంటే ఏం బాగుంటుందే అన్నారు.

నువ్వొచ్చిన రాత్రి అది పాడైపోయిందని ఈయనకి మొదటి గుక్కలోనే తెలిసింది. నీకూ తెలిసిందనీ తెలుసు. వాడు తూ అని ఊసి, ఇదేం దాచడం బావా అని తిడతాడని నీ మొహంలోకే చూస్తూ కూర్చున్నారుట. నువ్వు చాలా బాగుందండి అని గ్లాసు ఖాళీ చేసి పడుకున్నావు. ఈయన చాలాసేపు ఆ కుర్చీలోనే ఉండిపోయేరు. అతిథిలా వచ్చేడు, అతిథిలా వెళ్ళిపోతాడు అన్నారు నాతో.

సీసాలు ఎండలో పెట్టింది నేనే కదా, దానివల్లే పాడయ్యేయేమో. అది తలుచుకుంటే నాకు అన్నం దిగటం లేదు. ఎవరూ నాకు చెప్పలేదురా.

వీలు చూసుకుని రా.

అక్క


నాసిక్,
6-10-2006.

బావా,

నీకు బుద్ధుందా?

నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను, ఇవి దాచేవి కావు, తాగెయ్యి అని. ప్రతి ఉత్తరంలోనూ చెప్పాను. విన్నావా? వైనుని బియ్యంతో పోలుస్తావా? మూడేళ్ళలో తాగాల్సిన వాటిని ఆరేళ్ళు ఇసుకలో పాతిపెట్టి, పైన తడి గోనె కప్పి, అదేదో తపస్సు చేసినట్టు కాపలా కాస్తావా? ఆ రాత్రి నువ్వు పోసింది వైను కాదు, పులిసిన కాడి. గొంతు మంటకి నాకు తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. బడలిక, కళ్ళు మూతలు అని రాసిందంతా అబద్ధం. నువ్వేమైనా తక్కువ తిన్నావా? పాడైందని తెలిసి కూడా గుడ్లప్పగించి నా మొహంలోకి చూస్తూ కూర్చుంటావా? లెంపకాయ కొట్టి, నిజం చెప్పరా వెధవా అనొచ్చు కదా. నువ్వు పెంచినవాణ్ణే కదా నేను. ఆ హక్కు నీకు కాక ఎవరికుంది?

ఆ జనవరి ఉత్తరం చదివి నేనేం చేశానో తెలుసా? లీలావతికి కూడా చూపించలేదు. బీరువాలో బట్టల కింద పెట్టి తాళం వేశాను. బావగారు నన్ను వెలివేశారని ఏడ్చాను, నలభై ఏడేళ్ళొచ్చినవాణ్ణి. నువ్వక్కడ నవ్వుకుంటూ గుమ్మంలో నిలబడ్డావని ఎవడు కలగన్నాడు? హాస్యమాడితే హాస్యమని తెలిసేలా ఆడు బావా. నేను మందమతినని నీకు తెలుసు కదా.

నాసిక్ సాయంత్రం నిన్ను తిట్టినందుకు ఏడేళ్ళు సిగ్గుతో చచ్చాను. నీకది ఇష్టమైందని ఒక్క ముక్క తిన్నగా రాసి ఉంటే ఏడాదికి నాలుగుసార్లు వచ్చి తిట్టి పోయేవాణ్ణి. కాదు, నువ్వు రాశావు. విసుగ్గా ఉంది, వచ్చి కూర్చో అని రాశావు. నేనే చదువుకోలేదు. ఆ ఉత్తరం వచ్చాక కూడా రెండేళ్ళు రాలేదు, వచ్చిన ఒక్క రాత్రీ నటించి పోయాను. దానికి నన్ను నువ్వు తిట్టాలి. ఇప్పుడు నేనెంత తిట్టినా నువ్వు తిరిగి ఒక మాట అనలేవు. అలాంటప్పుడు ఇది తిట్టు కాదు బావా, నాకు నేను చదువుకుంటున్నట్టుంది.

పదిహేనో తారీకుకి టిక్కెట్టు దొరికింది. ఎన్నాళ్ళుంటానని అడక్కు, సెలవు అర్జీలో తారీకు వెయ్యలేదు. సీసా తేను. మీ ఇంట్లో ఉన్నవి అన్నీ నేనే దొడ్లో పారబోస్తాను, నువ్వు మంచం మీంచి చూద్దువుగాని.

అక్కా, సీసాలు నీ ఎండవల్ల పాడవలేదు. నేను రానందువల్ల పాడయ్యాయి. ఈ ఉత్తరం బావ పక్కన కూర్చుని గట్టిగా చదువు. మర్యాదకి ఏ మాటా మార్చకు, నువ్వు అన్నచోట మీరు అని దిద్దకు. చదువుతున్నంతసేపూ బావ మొహం చూడు. అందులో ఏమైనా కదిలిందో లేదో ఫోను చేసి చెప్పు. ఏమీ కదలకపోతే ఆ మాటే చెప్పు, నా మనసు కష్టపడుతుందని బాగుందని చెప్పకు.

దుర్గ